అట్లాంటిక్‌లో బ్లూఫిన్ ట్యూనా వేటకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికా తూర్పు తీరంలో సరదాగా గాలం వేసేవారు బయలుదేరే ముందు తమ పడవ పేరిట హెచ్‌ఎంఎస్ (దూరాలకు వలసపోయే చేపజాతుల) యాంగ్లింగ్ పర్మిట్, అంటే సరదా వేటకు ఇచ్చే అనుమతి, ఉందో లేదో చూసుకోవాలి. ఈ పర్మిట్ మీద పట్టిన చేపను అమ్మడం నిషిద్ధం.

రోజుకు ఎన్ని బ్లూఫిన్‌లు ఉంచుకోవచ్చనే పరిమితిని పోయిన నెల జ్ఞాపకంతో లెక్కించకూడదు. కోటా ఎంత మిగిలిందనేదాన్ని బట్టి అమెరికా ప్రభుత్వ మత్స్య సంస్థ నోవా ఫిషరీస్ దాన్ని సీజన్ మధ్యలోనే మార్చవచ్చు, వేటను పూర్తిగా మూసివేయనూ వచ్చు కనుక, బయలుదేరే రోజు ఉదయమే సరిచూసుకోవాలి. ఈ పరిమితి మనిషికి కాదు, పడవకు. రెండు మూడు రోజులు సముద్రంలో ఉన్నా ఒక్క రోజు పరిమితికి మించి చేపలు పడవలో ఉండకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

మెత్తని కొలత టేపు తప్పనిసరి. పై దవడ కొన నుంచి తోక చీలిక వరకు, ఛాతీ రెక్క పైఅంచును ఆనుకుంటూ, శరీరపు వంపు వెంబడి కొలవాలి. కర్రలా తిన్నగా కొలిస్తే లెక్క తక్కువ వస్తుంది. 27 అంగుళాలలోపు చేపను ఉంచుకోరాదు. 73 అంగుళాలు, ఆపైన ఉన్నవి ట్రోఫీ తరగతికి చెందుతాయి. ఆ తరగతి వేట తెరిచి ఉన్నప్పుడు కూడా పడవకు ఏడాదికి ఒక్కటే. వదిలేయాల్సిన చేపను నీటిలోంచి పైకి తీయకుండానే గాలం విడిపించాలి.

గుడ్లు పెట్టే చోటైన మెక్సికో సింధుశాఖలో బ్లూఫిన్‌ను లక్ష్యంగా చేసుకుని వేటాడడం నిషిద్ధం. ఉంచుకున్న చేపనూ, చనిపోయాక వదిలేసినదాన్నీ 24 గంటల్లోగా నివేదించాలి. మేరీల్యాండ్, నార్త్ కరోలినాలలో అయితే క్యాచ్ కార్డు (పట్టిన చేప వివరాల పత్రం) నింపాలి.