భోగి పిడకల దండ ఎలా చేయాలి? (మంట దాకా విరగకుండా)

ఏటా భోగినాడు తెల్లవారుజామున మా వీధి మంట దగ్గర ఇదే తంతు. నలుగురైదుగురు ఆడపిల్లలు మెడలో పిడకల దండలతో బయల్దేరతారు. మంట దగ్గరికి చేరేసరికి సగం మందికి దారమే మిగులుతుంది. వెనకాల వాళ్లమ్మ "పర్లేదులే తల్లీ, చేత్తో వేసేద్దాం" అంటూ చీకట్లో ముక్కలు ఏరుకుంటూ వస్తుంటుంది. అప్పుడు పిల్ల మొహం చూడలేం.

పిడకల దండ పెద్ద విద్యేమీ కాదు. నేను చిన్నప్పుడు పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారింట్లో నేర్చుకున్నాను. ఇప్పుడు అమలాపురం పక్కన అత్తవారింట్లో మా ఇద్దరమ్మాయిలతో చేయిస్తున్నాను. పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. ఐదేళ్ల పిల్ల కూడా చేయగలిగిన పనిని పెద్దవాళ్లు ఎందుకు పాడు చేస్తారో నాకు అర్థం కాదు. అర్థం కాదని అంటున్నానే కానీ నిజానికి తెలుసు: అందరూ తొందరపడేది ఒక్క చోటే. అక్కడికి వస్తాను.

కావలసినవి

ఆవు పేడ ఒక చిన్న బకెట్, గుప్పెడు ఊక, రెండు గోనెసంచులు, పాత నవ్వారు మంచం, చూపుడు వేలంత లావు పుల్ల ఒకటి, అరటాకు ముక్క, పురికొస. పిల్లలకి పాత బట్టలు. అంతే.

లెక్క కూడా చెప్పేస్తాను. పెద్ద నిమ్మకాయంత ముద్ద ఒక్కోటి 50 గ్రాములు తూగుతుంది. దండకి 21 చొప్పున ఇద్దరు పిల్లలకి 42. విరిగేవీ, కుక్క తొక్కేవీ, చిన్నది ముచ్చటపడి దాచుకునేవీ కలుపుకుని 60 చేసుకోండి. అంటే మూడు కిలోల పేడ. 108 పిడకల దండ కావాలని పిల్లలు పేచీ పెడతారు, ఒప్పుకోకండి. ఆ బరువుకి దారం తెగుతుంది, లేదా పిల్ల మెడ ఒరుసుకుపోతుంది. సరి సంఖ్య వద్దు. 9, 11, 21, ఈ మూడింట్లో ఏదో ఒకటి.

పని జనవరి మొదటి మూడు రోజుల్లోనే మొదలుపెట్టాలి. భోగి 13నో 14నో వస్తుంది కాబట్టి చేతిలో పది రోజులు ఉంటాయి. సంక్రాంతి సెలవులు ఇచ్చాక చూద్దామనుకుంటే పచ్చి పిడకలే మిగులుతాయి.

పేడ, ముద్ద

పొద్దున్నే వేసిన పేడ తెచ్చుకోండి. ఎండుగడ్డి తినే ఆవుదైతే మరీ మంచిది. సార్వా కోతలయ్యాక కొత్త గడ్డి మేటు వేసి ఉంటారు కదా, ఈ రోజుల్లో ఆవులు తినేది అదే, పేడ గట్టిగా పడుతుంది. పచ్చగడ్డి మేసిన ఆవు పేడ జారుగా ఉంటుంది. అదే దొరికితే గోనెసంచి మీద ఓ పూట ఆరనివ్వండి. గేదె పేడ నేను వాడను.

చుక్క నీళ్లు కూడా పోయకండి. ఈ మధ్య వీడియోల్లో పేడలో చెంబుడు నీళ్లు పోసి చపాతీ పిండిలా మర్దిస్తున్నారు. పేడలో అయిదింట నాలుగొంతులు అసలే నీరు. అది బయటికి పోవడానికే మనం పది రోజులు తంటాలు పడుతుంటే ఇంకా పోయడం దేనికి?

పుల్లలు, పెద్ద గడ్డిపోచలు ఏరేయడం పిల్లల పని. అన్నీ ఏరేయక్కర్లేదు, సన్నటి పీచే ముద్దని పట్టి ఉంచుతుంది. గుప్పెడు ఊక కలిపితే ఇంకా గట్టిపడుతుంది. మొదట్లో మా పెద్దది ముక్కు మూసుకుని మునివేళ్లతో పట్టుకుంటుంది. పది నిమిషాల్లో మోచేతుల దాకా పేడే. హైదరాబాద్ నుంచి వచ్చిన మా మరిది కూతురు "ఛీ" అని గుమ్మంలో నిలబడింది. మధ్యాహ్నానికి "పెద్దమ్మా, నాకూ ఒక ముద్ద" అంది.

ఒక్క మాట. చేతికి కోసుకున్న గాయం ఉన్న పిల్లని ఆ రోజు పేడలో చేయి పెట్టనివ్వకండి. పేడలో ధనుర్వాతం క్రిములు ఉండొచ్చు. గోళ్లు ముందే కత్తిరించండి. పని అయ్యాక సబ్బుతో రెండుసార్లు కడిగించండి.

మా అత్తయ్యకి వేరే పద్ధతి ఉంది. నెలరోజులూ ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మలనే పిడకలుగా కొట్టాలంటారు. మాట మంచిదే, అవి మంటలో వేయాల్సినవే. కానీ దండకి పనికిరావు. వాటిలో ముగ్గు, పసుపు, గుమ్మడిపూల రేకలు కలిసిపోయి ఉంటాయి. ఎండితే పొరలు పొరలుగా ఊడతాయి. వాటిని విడిగా కొట్టి బుట్టలో వేసుకెళ్లండి. దండకి మాత్రం శుభ్రమైన పేడే.

ఒత్తడం

గారె ఒత్తడం వచ్చిన చెయ్యి ఉంటే చాలు. అరటాకు ముక్క మీద ముద్ద పెట్టి, తడి చేత్తో మూడు అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం వచ్చేలా ఒత్తి, ఆకుతో సహా గోనెసంచి మీద బోర్లించి ఆకు తీసేయండి. పల్చగా ఉంటే తొందరగా ఎండుతుందని అప్పడంలా ఒత్తకండి. అప్పడంలాగే విరుగుతుంది. చిన్నపిల్లలు చందమామలూ, చేపలూ చేస్తామంటారు. చేయనివ్వండి. మా చిన్నది నిరుడు ఏనుగు చేసింది. తొండం ఎటో ఎవరికీ తెలియలేదు, దానికి తప్ప.

చిల్లు, ఎండ: అందరూ పాడు చేసేది ఇక్కడే

చిల్లు ఒక్కసారి పెడితే చాలదు. రెండుసార్లు పెట్టాలి. ఈ ఒక్క సంగతి తెలియకే ఊరంతా దండలు తెగుతున్నాయి.

పచ్చి పిడకకి మొదటిరోజు పెట్టే చిల్లు బొటనవేలు దూరేంత ఉండాలి. చిటికెన వేలంత పెడితే ఏమవుతుంది? పచ్చి ముద్ద మెల్లగా జారి చిల్లు సగం పూడుతుంది. మిగతా సగం ఎండేటప్పుడు ముడుచుకుపోతుంది. ఐదో రోజు దారం గుచ్చబోతే దూరదు. అప్పుడు ఏం చేస్తాం? మేకు తెచ్చి పొడుస్తాం. ఎండిన పిడకని మేకుతో పొడిస్తే చిల్లు దగ్గర్నుంచి అంచు దాకా వెంట్రుకంత బీట వస్తుంది. కంటికి కనపడదు. దండ కట్టాక కూడా బాగానే ఉంటుంది. పిల్ల మెడలో వేసుకుని నాలుగడుగులు వేయగానే పిడక రెండు ముక్కలవుతుంది. దారి పొడుగునా పడేవి ఆ ముక్కలే.

చిల్లు సరిగ్గా మధ్యలోనే ఉండాలి. అంచుకి దగ్గరగా పెడితే పిడక వేలాడే తీరు బాగుంటుందని కొందరంటారు. పతకంలా ఉంటుందట. అంచు దగ్గర పట్టు ఉండదు. గారెకి చిల్లు మధ్యలోనే ఎందుకు పెడతామో ఆలోచించండి.

ఇక ఎండబెట్టడం. కోనసీమలో ఎండ దొరకడమే కష్టం. పెరడంతా కొబ్బరి చెట్ల నీడ, పక్కనే కాలవ, నేల ఎప్పుడూ చెమ్మ. పైగా కొబ్బరి చెట్టు కింద పిడకలూ పెట్టకూడదు, వాటి పక్కన పిల్లల్నీ కూర్చోబెట్టకూడదు. కాయ పడేముందు చెప్పి పడదు. కాబట్టి డాబా ఎక్కాల్సిందే. డాబా లేకపోతే వీధివైపు ఎండ పడే చోటు చూసుకోండి.

నేల మీద ఆరబెట్టకండి. బరకం (టార్పాలిన్) పరిచి ఆరబెడతారు చాలామంది. ధాన్యానికి అది సరే. పిడకకి అడుగునుంచి కూడా గాలి తగలాలి. బరకం మీద పిడక కింద నీరు అలాగే నిలిచి మూడోరోజుకి తెల్లటి బూజు పడుతుంది. న్యూస్ పేపర్ అతుక్కుపోతుంది. నవ్వారు మంచం మీద గోనెసంచి, దాని మీద పిడకలు. కింద గాలి, పైన ఎండ. దీన్ని మించింది లేదు.

"మా రోజుల్లో గోడకి కొడితే వాటంతటవే ఎండేవమ్మాయ్" అంటారు మా అత్తయ్య. నిజమే, ఆ రోజుల్లో మట్టిగోడ. చెమ్మని గోడే పీల్చుకునేది. ఇప్పుడు సిమెంటు గోడకి పెయింటు. పిడక పట్టదు, పట్టినా ఊడదీసేటప్పుడు రంగుతో సహా వస్తుంది. ఇల్లు అద్దెదైతే గొడవ అక్కడితో ఆగదు.

మొదటిరోజు పిడకని ముట్టుకోకండి. పిల్లలు గంటకోసారి వెళ్లి వేలు పెట్టి "ఎండిందా" అని చూస్తారు. ఆ వేలి గుంటల దగ్గరే రేపు బీట వస్తుంది. మా ఇంట్లో దీనికి రూలు ఉంది: చూడొచ్చు, ముట్టుకోకూడదు. చిన్నది చేతులు వెనక్కి కట్టుకుని, మంచం చుట్టూ వంగి వంగి తిరుగుతూ చూస్తుంది.

రెండోరోజు మధ్యాహ్నానికి అంచులు తెల్లబడి మధ్యలో ముదురుగా ఉంటుంది. అదే అదను. ఇప్పుడు పుల్ల తీసుకుని చిల్లులో పెట్టి పొడవకుండా మెల్లగా తిప్పండి. కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ. చిల్లు మళ్లీ గుండ్రంగా తెరుచుకుంటుంది, లోపలి గోడ నున్నగా గట్టిపడుతుంది. ఆ నున్నదనం వల్లే దారం పిడకని కోయదు. మూడోరోజుకి వాయిదా వేస్తే లోపల గట్టిపడి తిప్పుడుకి పెచ్చులూడుతుంది. మొదటిరోజే చేస్తే మళ్లీ పూడుతుంది. రెండోరోజు మధ్యాహ్నమే. పెళ్లి ముహూర్తం తప్పినా ఇది తప్పకండి.

చిల్లు తిప్పాక, రెండు అరచేతులతో పట్టుకుని తిరగేయండి. ఒక అంచు పట్టుకుని అట్టులా లేపితే మధ్యకి విరుగుతుంది.

సాయంత్రం ఐదయ్యేసరికి మంచంతో సహా లోపలికి. ఇది మర్చిపోతే పైన చెప్పినవన్నీ దండగ. ధనుర్మాసం మంచు అంటే ఏమిటో మన కాలవగట్ల మీద ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పగలంతా ఎండిన పిడక రాత్రంతా ఆ చెమ్మ పీల్చుకుంటుంది. పొద్దున ఎండకి పైపొర గబగబా ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడే. పైది ముడుచుకుంటుంటే లోపలిది ముడుచుకోదు. అందుకే పగులుతుంది. పొద్దున మంచు విడిచాక, తొమ్మిదింటికి మళ్లీ బయటపెట్టండి.

మూడోరోజు నుంచి పిడకల్ని నిలబెట్టి, ఒకదానికొకటి ఆనించండి. ఐదారు రోజులకి రెండు పిడకల్ని తీసి ఒకదానితో ఒకటి తట్టండి. టక్‌మని కొబ్బరిచిప్ప చప్పుడు వస్తే ఎండినట్టు. మెత్తగా దబ్‌మంటే ఇంకో రెండు రోజులు.

నేనూ తొందరపడ్డాను ఒకసారి. పెద్దదానికి నాలుగేళ్లప్పుడు మూడోరోజే గుచ్చేసి, వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించాను. దాని మొదటి దండ. "భోగి దాకా ఎవ్వరూ ముట్టుకోకండి" అని ఇల్లంతా చెప్పింది. రాత్రి ఏదో పడ్డ చప్పుడైతే పిల్లి అనుకున్నాం. పొద్దున లేచి చూస్తే దారం మేకుకే ఉంది. తడి పిడకల్ని బరువుకి దారమే కోసేసింది. పన్నెండు పిడకలు గుమ్మం కింద సగాలుగా పడి ఉన్నాయి. అది ఏడవలేదు. ముక్కల్ని జతలు జతలుగా కలిపి పేరుస్తూ కూర్చుంది. ఏడిస్తేనే బాగుండేది.

ఆన్‌లైన్‌లో కొనేయొచ్చు కదా అంటారు. కొన్నాను, ఒక్కసారి. రిబ్బన్ కట్టిన అట్టపెట్టెలో వచ్చాయి. తెరిస్తే సగం పొడి. డబ్బులు పోసి పేడపొడి కొన్నానని మావారు సంక్రాంతి మూడు రోజులూ వేళాకోళం చేశారు.

గుచ్చడం

పురికొసే వాడండి. కొబ్బరితాడు మోటుగా ఉంటుంది, చిల్లులో రాసుకుని మెడకి కూడా గుచ్చుకుంటుంది. నైలాన్ దారం అసలొద్దు, మంటలో కరిగి చుక్కలు చుక్కలుగా పడుతుంది. రెండు పేటలు చేసి, పిడకకీ పిడకకీ మధ్య ఒక ముడి వేయండి. ముడి లేకపోతే అన్నీ జారి కిందకి చేరి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మెడ వెనక వచ్చే జానెడు దారం ఖాళీగా వదిలి, దానికి పాత చీర ముక్క చుట్టండి. మధ్యలో బంతిపూలు గుచ్చడం మా పెద్దదాని సరదా. నాకు ఇష్టం లేదు కానీ ఆ మాట దానితో అనను.

భోగి తెల్లవారుజామున

పట్టు పరికిణీ, జార్జెట్ ఓణీ తర్వాత. మంట దగ్గరికి నూలు గౌనో, నూలు పరికిణీనో. జడ బిగించి కట్టాలి. దండని మెడలో వేసుకుని మంట దగ్గరికి పోకూడదు. నాలుగు గజాల ఇవతలే తీసి చేతికివ్వాలి. పెద్దవాళ్లు పిల్ల రెండో చెయ్యి పట్టుకుని, గాలి వాటం చూసి, పొగ రాని వైపు నుంచి వేయించాలి. ఒక బకెట్ నీళ్లు పక్కనే ఉండాలి.

మిగిలిన పిడకల్ని పారేయకండి. కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే రథసప్తమికి పరమాన్నం వండుకోవచ్చు. ఆ రోజు చిక్కుడుకాయలతో, కొబ్బరీనెలతో రథం చేయడం ఇంకో పెద్ద కథ, అది ఇంకోసారి రాస్తాను. డబ్బా మూత గట్టిగా పెట్టండి, చెమ్మ తగిలితే పొయ్యిలో పొగ తప్ప మంట రాదు. మా డబ్బాలో ఏడు పిడకలు, ఒక ఏనుగు ఉన్నాయి. ఏనుగుని పొయ్యిలో పెట్టకూడదని మాకు ఆర్డర్.