నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి శరత్తు మొదట్లో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళేవారికి

పిల్లలు చదువుకో ఉద్యోగానికో ఆరిజోనాలో స్థిరపడినందువల్ల మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది ఫీనిక్స్ ఎండలోనే నెలల తరబడి గడిపి, గ్రాండ్ క్యాన్యన్‌ను ఒక్క రోజులో చూసి వచ్చేస్తుంటారు. ఆ క్యాన్యన్‌కు దారిలోనే, కొండల మీద, దట్టమైన పైన్ అడవి మధ్య ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది సుమారు 76 వేల మంది, అంటే మన కావలి కన్నా చిన్న ఊరు. సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు రెండో వారం దాకా అక్కడ వాన తగ్గి, మంచు ఇంకా మొదలుకాక, కొండల మీద ఆకులు పసుపుపచ్చగా పండి ఉంటాయి. కాబట్టి నాలుగైదు రోజులు ఉండదలచినవారికి అంతకన్నా అనువైన అదను లేదు.

ఈ ప్రయాణంలో మొదట లెక్కలోకి తీసుకోవలసింది ఊరి ఎత్తు. సముద్రానికి దాదాపు సమానంగా ఉన్న నేల మీద పుట్టి పెరిగినవాళ్ళం మనం. ఫ్లాగ్‌స్టాఫ్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున, అంటే ఇంచుమించు ఊటీ అంత ఎత్తున ఉంది. ఊటీకి వెళ్ళినప్పుడు ఘాట్ రోడ్డు మలుపులే మనకు ఎత్తును గుర్తుచేస్తాయి. ఇక్కడ మాత్రం ఫీనిక్స్ నుంచి విశాలమైన హైవే మీద 230 కిలోమీటర్లు, రెండున్నర గంటల్లో, కారు సాఫీగా ఎక్కిపోతుంది కనుక అంత పైకి వచ్చామన్న సంగతే తెలియదు. చెవులు దిబ్బడ వేయడం, మెట్లెక్కితే ఆయాసం రావడం, మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, కాస్త తలనొప్పి ఉండడం ఆ ఎత్తు వల్లనే. అందుకని చూడవలసిన చోట్లను వాటి పేరు ప్రతిష్ఠలను బట్టి కాక, ఎత్తును బట్టీ నడకను బట్టీ వరస పెట్టుకోవాలి. తేలికైనవి ముందు, ఎత్తైనవి చివర.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు బయలుదేరకముందే డాక్టరుకు ఈ ఎత్తు సంగతి చెప్పి సలహా తీసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలను ప్రయాణ కాలానికి సరిపడా, వాటి అట్టలతోనే, చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి. పెద్దపెట్టెలో పెడితే అది ఏ విమానాశ్రయంలో ఆగిపోతుందో చెప్పలేము. అక్కడ వైద్యం ఖరీదు మన ఊహకు అందదు కనుక సందర్శకుల ఆరోగ్య బీమా లేకుండా వెళ్ళకూడదు. పాలసీ తీసుకునేటప్పుడు పాత జబ్బులకు ఏ మేరకు వర్తిస్తుందో ఆ భాగాన్ని పిల్లల చేత చదివించుకోవడం మంచిది. అందరూ సంతకం పెట్టేసే ఆ పేజీలోనే అసలు సంగతి ఉంటుంది.

చెన్నై నుంచి ఫీనిక్స్‌కు నేరుగా విమానం లేదు. అమెరికాలో మొట్టమొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ పూర్తిచేసుకోవాలి; అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించాలి. అందుకు కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్టు చూసుకోవాలి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకు టికెట్టు కొన్నప్పుడే వీల్‌చైర్ సహాయం అడిగి పెట్టడం మనవాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే. అధికారి అడిగేవి సాధారణంగా ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్ళు ఉంటారు, తిరుగు టికెట్టు ఉందా అన్నవి. వాటికి సూటిగా, పొట్టిగా జవాబు చెబితే చాలు.

పెట్టెల్లో ఏం పెట్టాలన్న విషయంలో ఇంట్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వాదన తప్పదు. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర వంటివి గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్ళవచ్చు. మటన్, చికెన్ పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, పండ్లు, మొక్కలు, నాటే విత్తనాలు మాత్రం పెట్టకూడదు. తినే వస్తువు ఏది ఉన్నా కస్టమ్స్ వద్ద ఉందని చెప్పాలి. చెప్పిన వస్తువును మహా అయితే పారేస్తారు. దాచిన వస్తువు దొరికితే జరిమానా వేస్తారు. బట్టల విషయానికి వస్తే, ఆ రోజుల్లో ఫీనిక్స్‌లో ఇంకా 37, 38 డిగ్రీల ఎండ ఉంటే, అదే సాయంత్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో స్వెట్టరు లేనిదే కారు దిగలేము. పగలు ఇరవై డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉండి, తెల్లవారుజామున నాలుగైదుకు, అక్టోబరు ముదిరేకొద్దీ సున్నాకు దిగుతుంది. ఒకే మందపాటి కోటు కన్నా నూలు చొక్కా మీద స్వెట్టరు, దాని మీద గాలి ఆపే జాకెట్టు వేసుకుంటే ఎండెక్కినకొద్దీ ఒక్కొక్కటీ తీసేయవచ్చు. చీర కట్టుకునేవారికి లోపల వేసుకునే థర్మల్ ప్యాంటు, సాక్సు, పట్టు జారని బూట్లు అవసరం. మంకీ క్యాపు చూసి అక్కడెవరూ నవ్వరు.

సముద్రపు తేమకు అలవాటుపడిన ఒంటికి అక్కడి పొడిగాలి చలి కన్నా ఎక్కువ ఇబ్బంది. రెండో రోజుకే పెదవులు పగులుతాయి, ముక్కులో ఎండిపోయి నెత్తురు చార కనిపించవచ్చు, చెమట పట్టదు కనుక దాహమూ తెలియదు. దాహంతో పని లేకుండా గంట గంటకూ నీళ్ళు తాగుతూ ఉండాలి. పడుకోబోయే ముందు ముక్కు అంచులకు, పెదవులకు వాజలీన్ రాసుకోవాలి. ఎత్తు వల్ల ఎండ చురుకు ఎక్కువ కనుక చల్లగా ఉందనుకుని టోపీ లేకుండా తిరగకూడదు.

ఇక వంట. నీళ్ళు మన ఊళ్ళో నూరు డిగ్రీలకు మరిగితే అక్కడ సుమారు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో కుతకుతలాడుతున్నట్టే ఉంటుంది గానీ వేడి చాలదు. అన్నం పైకి ఉడికినట్టు కనబడి మెతుకు నొక్కితే నడుమ పలుకు మిగులుతుంది. కందిపప్పు గంటసేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉంటుంది. టీ త్వరగా పొంగుతుంది, రంగు మాత్రం దిగదు. దీనికి మందు ప్రెషర్ కుక్కరు ఒక్కటే, ఎందుకంటే మూత బిగించి ఆవిరిని ఆపితే లోపలి వేడి తిరిగి నూరు డిగ్రీలు దాటుతుంది. మామూలుగా వేసే కూతల కన్నా రెండు ఎక్కువ రానిస్తే పప్పు మెదుపుకోవచ్చు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు తప్ప గతిలేకపోతే బియ్యం అరగంట నానబెట్టి, నీళ్ళు కాస్త ఎక్కువ పోయాలి. బస చేసే చోట వంటగది ఉందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి. సరుకులు ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్, టెంపీ, మేసా వైపు ఇండియన్ దుకాణాల్లో కొనుక్కుని కొండ ఎక్కడం తెలివైన పని, పచ్చి కరివేపాకు కూడా అక్కడే దొరుకుతుంది. బస ఊరి నడిబొడ్డున తీసుకుంటే రైలు పట్టాల సంగతి అడగాలి. మన విజయవాడ, చెన్నై లైను లాగే గూడ్సు బండ్లు రాత్రింబవళ్ళు ఊరి మధ్యగా పోతుంటాయి. స్టేషను దగ్గర ఇల్లున్న ఒంగోలువాళ్ళకు ఆ చప్పుడు జోల కావచ్చు, అందరికీ కాదు.

మొదటి రోజు ఊళ్ళోనే ఉండాలి. పాత డౌన్‌టౌన్ వీధుల్లో, ఒకప్పుడు షికాగో నుంచి లాస్ ఏంజలెస్ సమీపం దాకా పోయిన రూట్ 66 బాట మీద మెల్లగా నడవడం, 1928లో మొదలైన మ్యూజియం ఆఫ్ నార్తర్న్ ఆరిజోనాలో హోపీ, నవాహో జాతుల కుండలు, నేతపనులు చూడడం ఆ రోజుకు చాలు. సాయంత్రం మార్స్ హిల్ గుట్ట మీది లోవెల్ అబ్జర్వేటరీకి తప్పక వెళ్ళాలి. 1894లో నెలకొన్న ఆ వేధశాలలోనే 1930 ఫిబ్రవరిలో క్లైడ్ టాంబా ప్లూటోను కనిపెట్టాడు. అందుకు వాడిన దుర్భిణిని ఇప్పటికీ చూడవచ్చు. వీధి దీపాలు మసకగా ఉండడం చూసి కరెంటు తక్కువనుకోవద్దు. ఆకాశం చీకటిగా ఉండాలని ఆ ఊరు 1958లోనే దీపాల మీద నిబంధన పెట్టుకుంది, 2001లో ప్రపంచంలోనే మొదటి అంతర్జాతీయ డార్క్ స్కై నగరమన్న గుర్తింపు పొందింది. వెన్నెల రాత్రులు దీనికి పనికిరావు. మహాలయ అమావాస్యకు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో పాలపుంత కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. మహాలయ పక్షంలో ప్రయాణం పెట్టుకోని ఇళ్ళవారు ఆ పక్షం రాకముందే అమెరికా చేరి ఉంటే రెండూ కుదురుతాయి.

రెండో రోజుకు ఊరి పక్కనున్న పాత కట్టడాలు సరిపోతాయి. వాల్నట్ క్యాన్యన్‌లో సినాగ్వా అనే ప్రాచీన జనం 1100 ప్రాంతంలో కొండచరియల కింద కట్టుకున్న రాతి గదులు ఉన్నాయి. వాటి దాకా పోవాలంటే సుమారు 185 అడుగులు మెట్లు దిగి, అంతా మళ్ళీ ఎక్కాలి కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు అంచు మీది చదును బాటలోనే నడవాలి. ఉత్తరాన సన్‌సెట్ క్రేటర్ 1085 ప్రాంతంలో పేలిన అగ్నిపర్వతం. చుట్టూ నల్లని బూడిద గుట్టలు. ఈ ప్రాంతంలోనే అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద నడకకు శిక్షణ పొందారు. అక్కడి నుంచి అదే రోడ్డు దిగువనున్న వుపాట్కి శిథిలాలకు తీసుకెళుతుంది. ఎక్కడా చిన్న రాయి, పెంకు కూడా తీసుకోరాదు. అది నేరం, పైగా ఆ స్థలాలు నేటికీ అక్కడి ఆదివాసులకు పూర్వీకుల నెలవులు. తూర్పున అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మీటియర్ క్రేటర్, సుమారు 50,000 ఏళ్ళ క్రితం ఉల్క పడి ఏర్పడిన గొయ్యి. తీరిక ఉంటేనే వెళ్ళవచ్చు.

గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు ఊరి నుంచి సుమారు 130 కిలోమీటర్లు. ఉదయం ఏడింటికల్లా బయలుదేరి, 180 నంబరు రోడ్డు మీద పోతే దారి పొడవునా కొండల పక్కగా పండిన ఆకులు కనిపిస్తాయి. పార్కులో కారు ఒకచోట ఆపి ఉచిత బస్సుల్లో తిరగడమే సుఖం. లోయ సుమారు 1.6 కిలోమీటర్ల లోతు. అంచు వెంట అంతటా కమ్మీలు ఉండవు కనుక ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయకూడదు. దిగడం తేలిక, ఎక్కడం గండం కనుక పెద్దవాళ్ళు లోయలోకి దిగే బాట జోలికి పోకపోవడమే మేలు. 2026 నుంచి ఈ పార్కులో విదేశీ సందర్శకులకు, పదహారేళ్ళు దాటినవారికి, మామూలు ప్రవేశ రుసుముకు తోడు తలకు 100 డాలర్లు అదనంగా విధించారు. వెళ్ళే ముందు పార్కు సర్వీసు వెబ్‌సైటులో ఆ రోజుకున్న లెక్క చూసుకుని, కార్డు వెంట ఉంచుకోవాలి. తిరుగు దారిలో మునిమాపువేళ ఎల్క్ అనే పెద్ద దుప్పులు రోడ్డుకు అడ్డం వస్తాయి, ఆ రోజుల్లో మగవి రెచ్చి ఉంటాయి. కారు వేగం తగ్గించాలి, కారు దిగి దగ్గరికి పోకూడదు.

ఆకుల కోసం వచ్చినవారు చివరి రోజును స్నోబౌల్ కొండ దారికి కేటాయించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో పీక్స్ అనే ఆ శిఖరాల వాలున ఆస్పెన్ చెట్లు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపంతా తరచు ఒకే వేరు నుంచి మొలిచినది కనుక ఆ గుంపు మొత్తం ఒకేసారి పసుపు పచ్చగా మారుతుంది, పక్క గుంపు ఇంకా పచ్చిగానే ఉండవచ్చు. ఆకు కాడ బల్లపరుపుగా ఉండడం వల్ల కాస్త గాలికే ఆకులన్నీ గలగలమంటాయి. శనివారం, ఆదివారం కార్ల వరస మైళ్ళ పొడవు నిలిచిపోతుంది కనుక వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళాలి. అక్కడి గొండోలా, అంటే తీగ మీద నడిచే బండి, 11,500 అడుగుల దాకా, అంటే 3,500 మీటర్లకు తీసుకెళుతుంది. ముందు రోజుల్లో తలనొప్పి, ఆయాసం ఏమీ లేనివారే ఎక్కాలి.

ఇంటికి ఫోను చేయడానికి లెక్క సులువు. ఆరిజోనా గడియారం వేసవికీ చలికాలానికీ మార్చదు కనుక మనకూ అక్కడికీ ఎప్పుడూ పన్నెండున్నర గంటల తేడా. నెల్లూరులో పొద్దున ఎనిమిదిన్నర అయితే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిది. నవాహో ఆదివాసుల సొంత పాలనలో ఉన్న నవాహో నేషన్ ప్రాంతం మాత్రం గడియారం మారుస్తుంది. కాబట్టి అందులోని మాన్యుమెంట్ వ్యాలీ దాకా పోయేవారు నవంబరు తొలి ఆదివారం వరకు అక్కడ ఒక గంట ముందుంటుందని గుర్తుంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఆదివారం మధ్యాహ్నం ఫీనిక్స్ వైపు దిగే దారి కిక్కిరిసి ఉంటుంది, విమానం ఆ సాయంత్రమైతే ముందు రోజే దిగిపోవడం మంచిది. అక్టోబరు నెలాఖరుకు చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటాయి కనుక చెన్నైలో దిగిన రాత్రే తడ, సూళ్ళూరుపేట మీదుగా కారులో బయలుదేరే బదులు వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకుని, అవసరమైతే పొద్దున రైలుకు రిజర్వేషను చేయించి ఉంచుకోవాలి.