వజ్రంలో ఒకే ఒక్క కార్బన్-13 కేంద్రకపు స్పిన్‌ను కొలిచే విధానం

సహజ వజ్రంలో ప్రతి వంద కర్బన పరమాణువులకు సుమారు ఒకటి కార్బన్-13; కర్బనంలో కేంద్రక స్పిన్ (కేంద్రకాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) ఉన్నది దానికే. ఒంటరి కేంద్రకపు అయస్కాంతత్వం అతి స్వల్పం కనుక, దగ్గరలోని ఎన్‌వీ సెంటర్ ఎలక్ట్రాన్ స్పిన్ ద్వారానే దానిని కొలవాలి. నత్రజని పరమాణువు, దానిని ఆనుకొన్న ఖాళీ స్థానం కలిస్తే ఎన్‌వీ సెంటర్ అవుతుంది; దాని ఎలక్ట్రాన్ స్పిన్ స్థితిని బట్టి అది ఇచ్చే వెలుగు మారుతుంది. గది ఉష్ణోగ్రతలో కూడా ఈ పని సాధ్యం.

ముందుగా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ ఉన్న కాన్ఫోకల్ మైక్రోస్కోపుతో (ఒక్క బిందువు నుంచి వచ్చే కాంతినే చూపేది) ఎరుపు కాంతినిచ్చే చుక్కను వెతికి, ఫోటాన్ సహసంబంధ విలువ (రెండు కాంతి కణాలు ఎంత ఆలస్యంతో జంటగా వస్తాయో చెప్పే కొలత) సున్నా ఆలస్యం వద్ద 0.5 కంటే తక్కువ ఉందని చూసి, అది ఒకే సెంటరని నిర్ధారించుకోండి. తరువాత 2.87 గిగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ మైక్రోవేవ్‌ను మారుస్తూ వెలుగు తగ్గే రెండు రేఖలను గుర్తించండి. అయస్కాంతాన్ని ఎన్‌వీ అక్షం వెంబడి అమర్చడంలో తొందరపడకూడదు: క్షేత్రం పక్కకు ఒరిగితే ఆ రేఖల మధ్యబిందువు పైకి జరుగుతుంది కనుక, అది కనిష్ఠానికి చేరేదాకా సరిచేస్తూ పోవాలి.

రాబీ డోలనాలతో (మైక్రోవేవ్ కింద ఎలక్ట్రాన్ స్పిన్ అటూ ఇటూ ఊగడం) π పల్స్, అంటే స్పిన్‌ను సరిగ్గా తలకిందులు చేసే పల్స్, నిడివిని తేల్చుకున్నాక, ఎక్స్‌వై-8 అనే ఎనిమిదేసి π పల్సుల వరుసను పంపుతూ పల్సుల మధ్య వ్యవధిని మార్చండి. 40 మిల్లీటెస్లాల వద్ద కార్బన్-13 సుమారు 428 కిలోహెర్ట్జ్‌తో తిరుగుతుంది. వ్యవధి ఆ తిరుగుడులో అర్ధ ఆవర్తనానికి, అంటే సుమారు 1.17 మైక్రోసెకన్లకు, సరిపోయినప్పుడు సిగ్నల్ పడిపోతుంది. అయితే అక్కడ దూరపు కేంద్రకాలన్నీ కలిసిపోతాయి. ఆ వ్యవధికి పెద్ద బేసి గుణిజాల వద్ద మాత్రం, ఒక్కో కేంద్రకానికి ఎలక్ట్రాన్‌తో ఉన్న బంధం వేరు కనుక, లోయలు (సిగ్నల్ పడిపోయే చోట్లు) విడివిడిగా కనిపిస్తాయి. 2012లో డెల్ఫ్ట్, హార్వర్డ్, స్టుట్‌గార్ట్ బృందాలు ఇటువంటి పద్ధతితోనే బలహీనంగా బంధించిన ఒంటరి కేంద్రకాలను గుర్తించాయి.

లోయ కనిపించగానే కేంద్రకం దొరికిందని నమ్మవద్దు. నా దృష్టిలో ఈ ప్రయోగానికి ప్రాణం తరువాతి పరీక్షే. వ్యవధిని లోయ వద్దే ఉంచి పల్సుల సంఖ్యను పెంచండి. ఒకే కేంద్రకమైతే సిగ్నల్ మధ్యరేఖను (గరిష్ఠ, కనిష్ఠ విలువల నడిమి స్థాయిని) దాటి కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తూ ఊగుతుంది. అనేకమైతే మధ్యరేఖ వద్దే నిలిచిపోతుంది. ఉపరితలానికి దగ్గరి సెంటర్లలో మరొక ప్రమాదం ఉంది: ప్రోటాన్ (హైడ్రోజన్ కేంద్రకం) పౌనఃపున్యం కార్బన్-13కు దాదాపు నాలుగు రెట్లు కావడంతో, పల్సుల నిడివి వల్ల పుట్టే కార్బన్ హార్మోనిక్ (కార్బన్ పౌనఃపున్యపు గుణిజం వద్ద కనిపించే నకిలీ సిగ్నల్) ప్రోటాన్‌గా భ్రమింపజేయగలదు.

ఒక్కో రీడౌట్‌కు (స్పిన్ స్థితిని లేజర్‌తో ఒకసారి చదవడానికి) సగటున ఒక్క ఫోటాన్ కూడా దొరకదు కనుక, ఇవన్నీ లక్షల పునరావృత్తుల సగటుపైనే తేలుతాయి. ఒకే విడతలో స్థితిని చదవాలంటే, 2010లో స్టుట్‌గార్ట్ బృందం ఎన్‌వీలోని నత్రజని కేంద్రకంపై చేసినట్లు, బలమైన క్షేత్రంలో కేంద్రకపు స్థితిని ఎలక్ట్రాన్‌పైకి మళ్లీ మళ్లీ బదిలీ చేసి, ప్రతిసారీ వచ్చిన ఫోటాన్లను కూడాలి.