చదును రోడ్డు మీద సైకిలు మొరాయిస్తే: బరంపురం నుంచి రంభ దాకా

ఘాట్ రోడ్డు ఎక్కేవాడికి కష్టం కళ్ళెదుటే నిలబడి ఉంటుంది. ఒడిశాలోని మా గంజాం జిల్లా తీరంలో అది కంటికి కనిపించదు. బరంపురం నుంచి ఛత్రపురం మీదుగా రుషికుల్య వంతెన దాటి, గంజాం ఊరి మీదుగా రంభ దాకా రోడ్డు దాదాపు అరచేయిలా చదును. దారిలో తంపరా చెరువు, వరి మళ్ళు, మొగలి పొదలు, సరుగుడు తోపులు, హుమ్మా ఉప్పు మళ్ళు, చివరికి చిలికా సరస్సు. ఇంత సులువైన దారిలో సైకిలు ఎందుకు బరువెక్కుతుందని కొత్తగా కొన్నవాళ్ళు అడుగుతుంటారు. అడగడానికి ముందే సగం మంది సైకిలు విప్పదీసి ఉంటారు. స్పానరు పట్టుకునే ముందు చూడవలసినవి చెబుతాను.

“వెళ్ళేటప్పుడు ఎగిరిపోయింది, వచ్చేటప్పుడు బ్రేకు పట్టేసినట్టుంది”

ముందు చక్రాన్ని నేల నుంచి పైకెత్తి తిప్పండి. బ్రేకు రబ్బరుకు రాసుకుంటూ ఆగిపోతే చక్రం వంకరగా కూర్చుందన్న మాట. ఇరుసు వదులు చేసి, సైకిలును నేలమీద నిటారుగా నిలబెట్టి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. హాయిగా తిరుగుతూనే ఉంటే సైకిలులో ఏ దోషమూ లేదు. తప్పు గాలిది.

ఈ సంగతి తెలియక నేను ఒకసారి రెండు చక్రాల బేరింగులు మార్పించుకున్నాను. దుకాణదారు మారు మాట లేకుండా మార్చి డబ్బు తీసుకున్నాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే బరువు.

గాలి నిరోధం వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. మీరు గంటకు 25 కిలోమీటర్లు తొక్కుతున్నప్పుడు వెనక నుంచి 15 కిలోమీటర్ల గాలి వీస్తే మీ ఒంటికి తగిలేది 10 మాత్రమే. అదే గాలికి ఎదురు తిరిగితే తగిలేది 40. గాలి అసలు లేనప్పటితో పోలిస్తే మొదటిదానిలో నిరోధం ఆరో వంతు, రెండోదానిలో రెండున్నర రెట్లు. వెళ్ళేటప్పుడు మన కాళ్ళ బలమే అనుకున్నదంతా గాలి పెట్టిన అప్పు.

రంభ బరంపురానికి ఈశాన్యంగా ఉంటుంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికి ఇక్కడ దక్షిణపు గాలి, సముద్రపు గాలి కలిసి బలంగా వీస్తాయి. ఉదయం పది దాటాక రంభ నుంచి తిరిగి బయలుదేరితే దారంతా ఆ గాలి ముఖానికే కొడుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరి, పూర్తి దూరం వెళ్ళకుండా గంజాం నుంచే వెనక్కి తిరగడం మంచిది. శీతకాలంలో గాలి ఉత్తరం నుంచి తిరుగుతుంది కాబట్టి వెళ్ళేటప్పుడే కష్టపడి, వచ్చేటప్పుడు సుఖపడవచ్చు. రంభ దాకా వెళ్ళడానికి అదే అసలైన కాలం. వలస పక్షులు చిలికాలో దిగేదీ అప్పుడే.

ఎదురుగాలిలో ఇరుక్కున్నాక చేయగలిగింది తక్కువే. గేరు రెండు మెట్లు తగ్గించి నిమిషానికి 85 నుంచి 90 చుట్లు తిప్పండి. మోచేతులు వంచి ఒళ్ళు తగ్గించండి. మీటరు వైపు చూడకండి. నలుగురు ఉంటే ఒకరి వెనక ఒకరు వరుసగా, నిమిషానికొకరు ముందుకు వచ్చేలా సాగండి. జాతీయ రహదారి మీద మాత్రం పక్కపక్కన వద్దు.

చేతివేళ్ళు మొద్దుబారడం, కూర్చునే చోట నొప్పి

కొండ దారిలో ఎక్కేటప్పుడు లేచి తొక్కుతాం, దిగేటప్పుడు కాళ్ళు ఆపుతాం. చదునులో ఈ రెండూ ఉండవు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం వల్లనే సగం నొప్పులు. పది నిమిషాలకొకసారి, అవసరం లేకపోయినా, పదిహేను సెకన్లు లేచి తొక్కండి. హ్యాండిలు మీద చేతులు కూడా చోటు మార్చుకుంటూ ఉండాలి.

తిమ్మిరి ఏ వేళ్ళలో అన్నది గమనించండి. చిటికెన వేలు, ఉంగరపు వేలు అయితే అరచేతి బయటి అంచు మీద బరువు పడి అక్కడి నరం నలుగుతోంది. దీనికి చాలాసార్లు అసలు కారణం సీటు. కూర్చునే చోట నొప్పి పుట్టిందని సీటు ముక్కును కిందికి వంచుతారు. అప్పుడు ఒళ్ళు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. ఒక నొప్పి పోయి రెండోది వస్తుంది. సీటును నీటిమట్టంతో సమంగా పెట్టి, ఎత్తు సరిచూసుకోండి. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కినప్పుడు మోకాలు నిటారుగా రావాలి. తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.

వారానికి రెండు పంక్చర్లు

అందరూ మొగలి ముళ్ళను తిడతారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది, వానాకాలంలో ఆ పొదల పక్కన వెళ్తుంటే వాసనకు కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. రేకు అంచున ముళ్ళూ ఉన్నాయి, చేతిని గీస్తాయి. కానీ నా టైరులోంచి మొగలి ముల్లు ఒక్కటీ తీయలేదు. తీసినవన్నీ తుమ్మ ముళ్ళు, లారీ టైర్లు చీలి రాల్చిన సన్నని తీగ ముక్కలు.

ట్యూబు విప్పగానే రంధ్రం ఎక్కడుందో చూడండి. బయటి వైపు ఒక్కటే ఉంటే ముల్లు. అది ఇంకా టైరులోనే దాక్కుని ఉంటుంది. లోపలంతా గుడ్డతో తుడుస్తూ వెళ్ళండి, గుడ్డ చిక్కుకున్న చోట దొరుకుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే మళ్ళీ పంక్చరే. పాము కాటులా పక్కపక్కన రెండు గాట్లు ఉంటే టైరులో గాలి తక్కువై, గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసింది. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో గాలి ఒత్తిడి 70 పీఎస్ఐ అటూ ఇటూగా ఉండాలి. సన్నని ట్యూబుల్లోంచి గాలి తనంతట తనే తగ్గుతుంది కాబట్టి వారానికొకసారైనా పంపు పట్టాలి. రంధ్రం లోపలి వైపు, రిమ్మును ఆనుకుని ఉంటే చువ్వల మీది టేపు జరిగిందన్న మాట. కొత్త టేపు వేయండి.

గొలుసు కీచుమంటుంది, సీటు గొట్టం కదలదు

ఈ తీరంలో సైకిలుకు పెద్ద శత్రువు ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, కాబట్టి పొడిగా కనిపించే గొలుసు కూడా లోపల తడిగానే తుప్పు పడుతూ ఉంటుంది. గోపాలపురం సముద్రం పక్కన గానీ, హుమ్మా ఉప్పు మళ్ళ పక్కన గానీ తిరిగి వచ్చిన రోజునే సైకిలు కడగాలి. మర్నాడు అనుకుంటే మర్నాటికి ఎర్రబడుతుంది.

మగ్గుతో మంచినీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, ఆరాక గొలుసు నూనె ఒక్కొక్క లింకుకు ఒక్కొక్క చుక్క వేయండి. పది నిమిషాలు ఆగి పైన మిగిలినదంతా తుడిచేయండి. నూనె పని చేసేది లోపలే, పైన ఉన్నది ఇసుకను పోగేస్తుంది. మోటారు సైకిళ్ళు కడిగే చోట జోరు నీళ్ళ గొట్టంతో కొట్టించవద్దు, బేరింగుల్లోకి నీరు పోతుంది. కొబ్బరినూనె అసలే వద్దు. డిసెంబరు ఉదయం అది మీ తలకే పేరుకుంటుంది, గొలుసులో పేరుకోదా?

కడిగినా గేర్లు జారుతుంటే గొలుసు సాగిందేమో కొలవండి. కొత్త గొలుసులో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో 16వ వంతు ఎక్కువైతే మార్చాలి. ఇంకా లాగితే పళ్ళ చక్రాలు కూడా అరిగి ఖర్చు రెట్టింపవుతుంది.

కిర్రుమనే చప్పుడు కూర్చున్నప్పుడే వస్తే సీటు గొట్టంలో, నిలబడి తొక్కినా వస్తే పెడళ్ళలో, వాటి ఇరుసులో వెతకండి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం గొట్టం ఉంటే ఉప్పునీరు రెండింటి మధ్య చేరి, చివరికి అవి వెల్డింగు చేసినట్టు అతుక్కుపోతాయి. ఏడాదికి రెండుసార్లు ఎత్తు గుర్తు పెట్టుకుని గొట్టం బయటికి తీసి గ్రీజు రాయండి. కార్బన్ గొట్టానికి మాత్రం గ్రీజు కాదు, దాని పేస్టు వేరే ఉంటుంది. ఇప్పటికే అతుక్కుపోతే తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. సుత్తి తీసినవాడు ఫ్రేమును పోగొట్టుకుంటాడు.

పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం

తేమ గాలిలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, ఉప్పు మాత్రం పోతూనే ఉంటుంది. ఒట్టి నీళ్ళు లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పూ పలచబడుతుంది. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి, చిక్కగా వద్దు. నా మటుకు ఉప్పు వేసిన మజ్జిగ, లేదా దారిలో దొరికితే పఖాళ (నీళ్ళలో పులియబెట్టిన అన్నం) నీళ్ళు. ఒడియావాళ్ళు వాటిని తొరాణి అంటారు, మనం తరవాణి అంటాం. రక్తపోటు ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి వైద్యుణ్ణి అడిగాకే.

తోటివాడి మాట తడబడి, నడక తూలితే అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి, 108కి ఫోను చేయండి.

మిగిలినవి

జనవరిలో చిలికా దగ్గర మంచు దట్టంగా పడితే వెనక ఎర్ర దీపం ఉండి తీరాలి. సాయంత్రం చెరువుల పక్కన పురుగులు కళ్ళలో పడతాయి, రంగు లేని అద్దాలు పెట్టుకోండి. కోతలయ్యాక ఊళ్ళలో వడ్లు రోడ్డు మీదే ఎండబోస్తారు. వాటి మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది, తొక్కుకుంటూ పోతే ఇంటావిడ చీపురు పట్టుకుని వస్తుంది. దిగి, పక్కనుంచి నడిపించుకుపోండి.