మామ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేయించాలంటే

సంవత్సరీకానికి వచ్చినవాళ్లకి స్టీలు గిన్నె బదులు మామ్మ మీద పదహారు పేజీల పుస్తకం ఇద్దామన్నాను. పెద్దవాళ్లు గొణిగారు. గిన్నె కూడా ఇవ్వాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. టీచరుగా రిటైరైన మామ్మో అమ్మమ్మో మీ ఇంట్లోనూ ఉండి, ఇలాంటిదే వేయించాలనుకుంటే ముందు బీరువాలోని పెన్షన్ కాగితాల కట్ట విప్పండి.

సర్వీసు రిజిస్టరు నకలు దొరికిందా, సగం పని అయినట్టే. ఏ బడి, ఎప్పుడు చేరారు, ఎప్పుడు బదిలీ, అన్నీ వరసగా ఉంటాయి. చుట్టాల్ని అడిగితే "మీ నాన్న పుట్టిన ఏడు" అంటారు, అంతే. జిల్లా పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. అంతకుముందు ఎస్.కోటలో చేసినవాళ్ల కాగితాల్లో విశాఖ జిల్లా అనే ఉంటుంది. చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, అరకు అల్లూరి జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్ 4న. అప్పటి పేరే రాసి, ఇప్పటిది పక్కన పెట్టండి.

అసలు సరుకు శిష్యుల దగ్గరుంటుంది. "మేడమ్ ఎలా ఉండేవారు?" అని అడక్కండి. "చాలా మంచివారు" అని ఊరుకుంటారు. "క్లాసులోకి రాగానే ముందు ఏం చేసేవారు? ఎవర్ని ఎందుకు కొట్టారు?" అనండి. గోపాలపట్నంలో ఆటో నడిపే ఆయన బండి పక్కకి ఆపి మరీ చెప్పాడు: "ఏటమ్మా, మేడమ్ గోరి మనవరాలివా? పదిహేడో ఎక్కం రాకపోతే ఇంటికెల్లనిచ్చేవోరు కాదు. ఆవిడా మాతోనే కూకునేవోరు, ఆకలేస్తే అటుకులు పెట్టేవోరు." ఆ మాట అలాగే వేశాం. ఆ యాసని దిద్దొద్దు. మామ్మ ఉంటే దిద్దేది, అది వేరే సంగతి. శుభలేఖ వస్తే ముందు ఎర్ర బాల్‌పెన్ను తీసేది, ముహూర్తం తర్వాత చూసేది. "ఆహ్వానం"లో ఒత్తు తప్పితే సున్నా చుట్టేసేది. అలా దిద్దిన కార్డొకటి స్కాన్ చేసి పేజీ నిండా వేశాం. "ఆదర్శ ఉపాధ్యాయురాలు", "ప్రేమమూర్తి" లాంటివి మీకెన్ని తట్టినా కొట్టేయండి, అవి ఎవరికైనా సరిపోతాయి.

హుద్‌హుద్ తుఫానులో (2014 అక్టోబరు 12) తడిసిన ఇళ్లలో ఫొటోలు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. లాగొద్దు, మొహం ఊడొస్తుంది. అద్దంతోనే, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోన్‌తో తీయండి. గ్రూపు ఫొటో అయితే అట్ట మీది పేర్లు కూడా పడాలి.

పేజీలు నాలుగు లెక్కన ఉంటే మధ్యలో పిన్ను కొట్టడం సులువు. ఫోన్లో టైపు చేసింది డీటీపీ వాళ్ల పాత ఫాంటులోకి మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. అందుకని ప్రూఫు కాగితం మీదే తీయించి చూడండి, తెలుగు మాస్టారెవరైనా ఉంటే ఆయనకీ ఓసారి చూపించండి. కాపీలు పిలుపుల కన్నా కొన్ని ఎక్కువే వేయించండి. కబురు అందని శిష్యులు తర్వాత నెలల్లో ఇల్లు వెతుక్కుంటూ వస్తారు.