ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోగల ఆధునిక ఇంగ్లీషు బైబిలు తయారుచేయాలంటే

అనువాదం అందరిదీ అవుతుందా లేదా అన్నది మొదటి వచనం రాయకముందే తేలిపోతుంది. ఆధారంగా తీసుకున్న పాఠానికి కాపీరైట్ ఉంటే, మీరు ఎంత కష్టపడినా హక్కుదారు అనుమతి లేనిదే పంచలేరు. అందుకని 1901 నాటి ఇంగ్లీషు అనువాదం అమెరికన్ స్టాండర్డ్ వెర్షన్‌తో మొదలుపెట్టండి. అది పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దానికి కాపీరైట్ లేదు; మూలాన్ని దగ్గరగా అనుసరిస్తుంది. ఎవరైనా స్వేచ్ఛగా పంచుకోగల ఆధునిక అనువాదమైన వరల్డ్ ఇంగ్లీష్ బైబిల్‌కు ఆధారం అదే. కింగ్ జేమ్స్ వెర్షన్ 1611 నాటిదే అయినా, బ్రిటన్‌లో దాన్ని అచ్చువేసే హక్కు ఇప్పటికీ రాజరికం చేతిలో ఉంది.

మూలంతో సరిచూసుకోవడానికి పాత నిబంధనకు హీబ్రూలో వెస్ట్‌మినిస్టర్ లెనిన్‌గ్రాడ్ కోడెక్స్, కొత్త నిబంధనకు గ్రీకులో రాబిన్సన్-పియర్‌పాంట్ బైజాంటైన్ పాఠం వాడండి. పని చేస్తున్నప్పుడు కాపీరైట్ ఉన్న ఎన్ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) లాంటి అనువాదాలు పక్కన తెరిచిపెట్టుకోకండి. వాటి పదబంధాలు తెలియకుండానే చేతిలోకి వచ్చేస్తాయి.

గ్రంథానికో ఫైలు చొప్పున 66 ఫైళ్లు, బైబిలు పాఠాలకు వాడే యూఎస్ఎఫ్ఎం ఫార్మాట్‌లో పెట్టి, ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో దాచే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయండి.

పాత ఇంగ్లీషు క్రియారూపాలను కంప్యూటర్‌తో మార్చేటప్పుడే అసలు చిక్కు. పదాల చివరి 'ఎత్' (eth) తీసేయమంటే 'గోఎత్' (goeth, ఇప్పటి 'గోస్')తో పాటు నజరెత్, జాఫెత్, 'టీత్' (teeth) కూడా పాడవుతాయి. 'ఎస్ట్' (est) తీసేస్తే 'ప్రీస్ట్' (priest), 'హార్వెస్ట్' (harvest) పోతాయి. పాత క్రియాపదం 'ఆర్ట్' (art)ను గుడ్డిగా 'ఆర్' (are) చేస్తే నిర్గమకాండం 30:25లో పరిమళద్రవ్యం చేసేవాడి నేర్పు అనే అర్థంలో ఉన్న 'ఆర్ట్' కాస్తా క్రియాపదం అయిపోతుంది. కాబట్టి మినహాయింపుల జాబితా ముందే రాసుకుని, ప్రతి మార్పునూ మనిషి కంటితో చూడాలి.

అన్నిటికన్నా జాగ్రత్త కావలసింది 'దీ' (thee, ఒక్కరిని అనే 'నిన్ను'), 'యీ' (ye, పలువురిని అనే 'మీరు')ల దగ్గర. లూకా 22:31లో సాతాను జల్లించడానికి అడిగింది శిష్యులందరినీ. 32లో యేసు ప్రార్థించింది పేతురు ఒక్కడి కోసం. రెండింటికీ 'యూ' అని రాస్తే ఈ తేడా చెరిగిపోతుంది. 31లో 'యూ ఆల్' అనండి, లేదా ఫుట్‌నోట్ పెట్టండి. ఏదీ చేయకుండా వదిలేయడం మాత్రం పాఠకుడికి అన్యాయం.

బైజాంటైన్ పాఠాన్ని అనుసరిస్తే వచన సంఖ్యలూ మారతాయి. 1901 వెర్షన్‌లో మత్తయి 17:21 లేదు, దాన్ని చేర్చాలి. రోమా 16:25-27 వచనాలు 14వ అధ్యాయం చివరికి వెళ్తాయి.

లైసెన్సుకు, హక్కులన్నీ వదులుకుంటున్నట్టు చెప్పే సీసీ0 (క్రియేటివ్ కామన్స్ జీరో) మేలు. వాణిజ్యానికి వాడకూడదన్న షరతు పెడితే అచ్చువేసి అమ్మేవాళ్లు ముందుకు రారు. మార్చకూడదన్న షరతు పెడితే ఆ పాఠాన్ని సవరించి మరో కొత్త అనువాదం చేయడం కుదరదు. సరిదిద్దిన ప్రతి ఒక్కరి దగ్గరా హక్కులు వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కరు ఇవ్వకపోయినా, వాళ్లు ముట్టుకున్న వచనాలన్నీ మళ్లీ రాయాల్సిందే.

ఎవరైనా మార్చి అదే పేరుతో పంచితే ఎలాగన్న భయానికి వరల్డ్ ఇంగ్లీష్ బైబిల్ చూపిన దారి ఉంది: పాఠం అందరిదీ, పేరు మాత్రం ట్రేడ్‌మార్క్. మాటలు మార్చినవాళ్లు పేరూ మార్చుకోవాలి.