ఆఫ్‌రోడ్ బండికి కొత్త షాక్ అబ్జార్బర్లు ఎలా ఎంచుకోవాలి?

మా ఇల్లు తిరుపతిలో, మామిడితోపు బంగారుపాళ్యం దగ్గర. తోపుకు పోవాలంటే చాలా దూరం మంచి తారు రోడ్డే. చివరి మూడు కిలోమీటర్లు మాత్రం వంక, బండరాళ్లు, వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి. షాక్ అబ్జార్బర్ల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ మూడు కిలోమీటర్లే నేర్పాయి. మిగతా సగం నేను చేసిన ఒక తప్పు నేర్పింది.

నా పాత థార్‌కు వెనకాల కమాన్ కట్టల్లో (ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులు) ఒక్కో పట్టీ అదనంగా వేయించి, రెండంగుళాలు లేపించాను. షాక్‌లు మాత్రం కంపెనీవే ఉంచేశారు. "సరిపోతాయి సార్" అన్నారు షెడ్డులో, నేనూ సరేనన్నాను. వంక దాటేటప్పుడు వెనక చక్రం గాల్లో వేలాడితే షాక్ పూర్తిగా సాగి, ఇంక సాగే చోటు లేక, యాక్సిల్ (ఇరుసు) బరువంతా దాని మీదే వేలాడేది. నాలుగైదుసార్లు టంగుమని శబ్దం వచ్చినా పట్టించుకోలేదు. చివరికి పై బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలిపోయింది. ఒక టేపు పెట్టి కొలుచుకుని ఉంటే ఆ ఖర్చు తప్పేది. అందుకే ఇక్కడ బ్రాండ్లకన్నా కొలతల గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బండి బరువు మోసేది స్ప్రింగు, షాక్ కాదు. గుంతలో పడ్డాక స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ పని. లోపల పిస్టన్ చిన్న వాల్వుల గుండా నూనెను తోస్తుంది, ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది. కాబట్టి "బండి ఎత్తు పెరగాలి, మంచి షాక్‌లు చెప్పండి" అని అడిగితే ప్రశ్నే తప్పు. ఎత్తు కావాలంటే స్ప్రింగు మార్చాలి. మారిన స్ప్రింగుకు తగ్గ షాక్ తర్వాత వెతకాలి.

పాతవి నిజంగా పోయాయా?

కొనే ముందు టైర్లలో గాలి చూడండి. వారాంతంలో మట్టిదోవ కోసం గాలి తగ్గించి మళ్లీ నింపడం మరిచిపోయినా, ఎక్కువ నింపినా, బండి నడక మారిపోతుంది. ఆ నింద షాక్‌ల మీద పడుతుంది.

తర్వాత షాక్ ఒంటిని చూడండి. సన్నగా చెమ్మ పట్టి దుమ్ము అంటుకుంటే అంత భయపడక్కర్లేదు. నూనె ధారగా కారితే మాత్రం దాని పని అయిపోయినట్టే. టైరు అరుగుదల అక్కడక్కడ గుంటలు పడినట్టుండటం, బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి దిగడం, స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడుసార్లు ఊగడం కూడా గుర్తులే. బానెట్ మీద చేత్తో నొక్కి చూసే పరీక్ష ఈ బరువైన బండ్ల మీద పెద్దగా పనికిరాదు. నేను నమ్మేది వేడి పరీక్ష. పావుగంట గతుకుల దోవలో నడిపి, ఆపి, ఒక్కో షాక్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి. బాగా కాలి ఉండొచ్చు, పట్టుకోవద్దు. కుడి పక్క వేడెక్కి ఎడమ పక్క చల్లగా ఉంటే, ఆ చల్లగా ఉన్నది పని చేయడం లేదు. మార్చేటప్పుడు మాత్రం ఒక యాక్సిల్‌కు రెండూ కలిపే మార్చాలి.

కాటా వేయించండి

ఇది దాదాపు ఎవరూ చేయరు. మన చిత్తూరు వైపు మామిడి, చెరకు లారీల కోసం వేబ్రిడ్జిలు ఎన్నో ఉన్నాయి. ఖాళీగా ఉన్న సమయం చూసి వెళ్లండి. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర ట్రాక్టర్ల వరస దాటి లోపలికి పోవడమే కష్టం. బండిని మీరు మామూలుగా తిరిగే పద్ధతిలోనే నింపండి: ఇంటివాళ్లు, నీళ్ల క్యాన్లు, పనిముట్లు, స్టెప్నీ. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒక తూకం, బండి మొత్తం పెట్టి ఇంకో తూకం. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు వస్తుంది.

ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే అమ్మేవాళ్లతో మాట తీరే మారిపోతుంది. ఇనుప బంపర్, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) పెట్టిస్తే ముందు యాక్సిల్ మీద 70, 80 కిలోలు సులువుగా పెరుగుతాయి. ఆ బరువుకు గట్టి స్ప్రింగు వేస్తే, అది వెనక్కి తన్నే బలమూ ఎక్కువే. దాన్ని పట్టి ఉంచేది షాక్‌లోని రీబౌండ్ వాల్వు. రీబౌండ్ చాలకపోతే బండి ఎగురుతుంది. మరీ ఎక్కువైతే, వరస గతుకుల్లో చక్రం కిందికి దిగేలోపే ఇంకో గతుకు వస్తుంది, బండి అంతకంతకూ కిందికి కుంగిపోతుంది. ఖాళీ బండికి "హెవీ డ్యూటీ" అని రాసి ఉన్నది వేస్తే నడుము నొప్పి తప్ప లాభం లేదు.

టేపుతో కొలవండి

షాక్‌కు రెండు పొడవులు: పూర్తిగా మూసుకున్నప్పటిది, పూర్తిగా సాగినప్పటిది. మీ బండికి ఎంత కావాలో మీరే కొలవొచ్చు. గట్టి, సమంగా ఉన్న నేల మీద మిగతా చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోవద్దు, స్టాండ్లు తప్పనిసరి.

యాక్సిల్ ఒక పక్క పైకి లేచి రబ్బరు బంప్ స్టాప్‌ను (యాక్సిల్ ఇంకా పైకి పోకుండా ఆపే దిమ్మ) తాకేదాకా ఎత్తండి. ఆ పక్క పై బోల్టు నుంచి కింది బోల్టుకు ఎంతుందో రాసుకోండి. రెండో పక్క చక్రం పూర్తిగా వేలాడేటప్పుడు అక్కడా కొలవండి. వెనక కాయిల్ స్ప్రింగులున్న బండి అయితే వేలాడేటప్పుడు స్ప్రింగు కూర్చున్న చోటు నుంచి జారకుండా చూడండి. బ్రేకు గొట్టం బిగుసుకుంటుందేమో అప్పుడే గమనించండి. అది బిగుసుకుంటే పొడవైన గొట్టం వేయాలి, లేదా అంత కిందికి దిగకుండా పట్టీ కట్టాలి.

ఉదాహరణకు బంప్ స్టాప్ తాకినప్పుడు 370 మిల్లీమీటర్లు, వేలాడినప్పుడు 570 వచ్చిందనుకుందాం. రబ్బరు ఇంకా నలుగుతుంది కాబట్టి మూసుకున్న పొడవు 355 దాటని షాక్ వెతకాలి. సాగిన పొడవు 570కి తగ్గకూడదు. మూసుకున్న పొడవు ఎక్కువైతే బంప్ స్టాప్ కన్నా ముందు షాకే దెబ్బ తింటుంది. సాగిన పొడవు తక్కువైతే నా బ్రాకెట్‌కు పట్టిన గతే పడుతుంది.

2020లో వచ్చిన థార్‌లో ముందు షాక్ స్ప్రింగు మధ్యలోనే ఉంటుంది, వెనక విడిగా ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనకా విడివిడిగానే ఉంటాయి, కొలవడం తేలిక. జిప్సీకి నాలుగు వైపులా కమాన్ కట్టలే. ముందు పక్క టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ) ఉన్న పాత థార్‌లో బార్ తిప్పి ఎత్తు పెంచితే, చక్రం కిందికి దిగే చోటు అంత తగ్గిపోతుంది. కాయిల్ మధ్యలో ఉన్న షాక్‌ను విప్పే పని ఇంట్లో వద్దు. నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే ప్రాణానికే ప్రమాదం.

ఏ రకం?

ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. ధర తక్కువ, నడక మెత్తన, బయటి గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడినా లోపలి పిస్టన్ ఆగదు. కానీ ఎక్కువసేపు గతుకుల్లో నడిపితే నూనె కాగి నురుగు పట్టి, షాక్ మెత్తబడిపోతుంది. మోనో ట్యూబ్‌లో గొట్టం ఒక్కటే. నైట్రోజన్ గ్యాసును, నూనెను ఒక తేలే పిస్టన్ వేరు చేస్తుంది. వేడి నేరుగా గాలిలోకి పోతుంది, నురుగు పట్టదు. బిల్‌స్టైన్ 1957లోనే మెర్సిడెస్ కార్లకు ఈ రకం ఇచ్చింది. దీని బలహీనత సొట్ట: గొట్టం నొక్కుకుపోతే పిస్టన్ ఇరుక్కుంటుంది. పక్కన విడి డబ్బా ఉన్న రకంలో నూనె ఎక్కువ, చల్లబడటమూ ఎక్కువ. ధరా ఆ మేరకే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వారమంతా తిరుపతి ఊళ్లో తిరిగి, నెలకోసారి నాగలాపురం వైపో తోపుకో పోయేవాళ్లకు మంచి ట్విన్ ట్యూబ్ చాలు. గాబ్రియెల్ లాంటి మన దగ్గర దొరికేవైనా, ఓల్డ్ మ్యాన్ ఈము నైట్రోచార్జర్ లాంటివైనా సరే. గంటల తరబడి గతుకుల దోవ, బరువైన సామాను ఉంటే మోనో ట్యూబ్. విడి డబ్బా రకం మనలో చాలా తక్కువమందికే అవసరం. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనమంటాను.

షాక్ చివర్లలో బోల్టు దూరే చోట ఉండే మెత్తటి తొడుగులే బుష్‌లు. రబ్బరు బుష్‌లు నిశ్శబ్దంగా ఉండి బాగా వంగుతాయి, పాలీయురేథేన్‌వి ఎక్కువకాలం వస్తాయి కానీ కిర్రుమంటాయి. నేను రబ్బరుకే ఓటేస్తాను.

ఎంత ఎత్తు అన్నదీ ఇక్కడే ఆలోచించండి. 1944లో తెరిచిన తిరుమల పాత ఘాట్‌రోడ్డు మీదే మనం ఇప్పుడు కొండ దిగుతాం. ఎత్తు పెంచిన బండి ఆ మలుపుల్లో పక్కకు ఒరగడం వెనక కూర్చున్న అమ్మకు, నాన్నకు ముందు తెలుస్తుంది. రెండంగుళాలు దాటి పోవద్దని నా సలహా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ చెప్పిన దానికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. కాబట్టి ఎత్తు, టైరు సైజు మార్చే ముందు ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగండి. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అటవీశాఖ అనుమతి లేని దోవలోకి ఎంత మంచి షాక్‌లున్నా బండి దించవద్దు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

అమ్మేవాళ్లను మూడే అడగండి: మూసుకున్న, సాగిన పొడవులెంత? ఏ బరువుకు వాల్వు అమర్చారు? సీలు పోతే ఎక్కడ బాగుచేస్తారు? మూడోదానికి చెన్నై, బెంగళూరు అని జవాబొస్తే మనకు పర్వాలేదు. అంతకన్నా దూరమైతే ఆలోచించాలి. బిల్లు, వారంటీ కాగితం లేకుండా తక్కువకు వచ్చే పెట్టెల్లో నకిలీ సరుకుండే ప్రమాదం ఎక్కువ.

బిగించే రోజు షెడ్డులో పక్కనే ఉండండి. బుష్ బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బండిని నేల మీద దించి, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే బుష్ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. తర్వాత స్టీరింగు ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పించి, టైరు గానీ బ్రేకు గొట్టం గానీ షాక్‌కు రాసుకుంటుందేమో చూడండి. ఎత్తు మారితే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ ఇంకోసారి బిగింపించి, అదే గతుకుల దోవలో పావుగంట నడిపి, నాలుగింటి వేడినీ మళ్లీ చూసుకోండి.